పూలగెడ్డ ఇరవై అయిదో ఆకర్షణ

పూలగెడ్డ లోయను నదీలోయ ఉద్యానవనంగా ప్రకటించిన నాడు ఆ లోయలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. వారం తర్వాత గెడ్డకు అవతల, రోడ్డు వైపున్న బంగళాలో తొమ్మిదిమంది దిగారు. ఇవతలి ఒడ్డునున్న నీలాటివలస జనం వాళ్ళను చూసి, వంతెన పనివాళ్ళు ఇంకొంతమంది వచ్చారనుకుని సంతోషించారు.

వంతెన కోసం నీలాటివలస ముప్పై ఏళ్ళుగా అర్జీలు పెడుతోంది. ఆస్పత్రి, పాలకేంద్రం, సంత, మండలాఫీసు అన్నీ అవతలే. ఎండాకాలంలో గెడ్డ నడుంలోతు. వానలు మొదలైతే పీకలోతు. పొంగిందంటే ఎక్కడివాళ్ళు అక్కడే. ఆ ఏడాది ఎలాగో వంతెన మంజూరై, రెండు స్తంభాలు నీళ్ళలోంచి పైకి కూడా లేచాయి.

వచ్చిన తొమ్మిదిమందికీ పెద్ద మార్తాండరావు గారు. ఉద్యానవనానికి డైరెక్టరు. ఆయన పని లోయలోని ప్రకృతి, సంస్కృతి ఆకర్షణలను లెక్కబెట్టడం. నిబంధనావళి ప్రకారం ఇరవై అయిదు ఆకర్షణలుంటే ప్రథమ శ్రేణి ఉద్యానవనం, ఇరవై నాలుగుంటే ద్వితీయ శ్రేణి. ప్రథమ శ్రేణికి డైరెక్టరుంటాడు. ద్వితీయ శ్రేణికి ఉండడు.

గెడ్డ దాటే దారి లేదు కనుక బృందం బంగళా వరండాలో కూర్చుని, బైనాక్యులర్లతో మూడు రోజులు సర్వే చేసింది. ఒకటోది ఎదురుగా పారే పూలగెడ్డే, తర్వాత చింతతోపులో గూళ్ళు కట్టే ఎర్రకాళ్ళ కొంగలు, రాళ్ళ మధ్య ఆడుకునే నీటికుక్కలు, వానాకాలంలో మాత్రం దూకే జలపాతం, ఎవరూ చదవలేని రాతి శాసనం, పండగలకు ఆడే తప్పెటగుళ్ళు, ఇలా రాస్తూ పోతే ఇరవై మూడు తేలాయి. ఇరవై నాలుగోది 'గ్రామస్థుల నిష్కల్మషమైన చిరునవ్వు'. అంత దూరం నుంచి అది కనబడదని ఒక ఉద్యోగి అంటే, డైరెక్టరు గారు ఊహించి రాయమన్నారు. ఇరవై అయిదోది మాత్రం దొరకలేదు.

నాలుగోరోజు పొద్దున డైరెక్టరు గారు బైనాక్యులర్లు పక్కన పెట్టి, టీ తాగుతూ గెడ్డ వైపు చూశారు. నీళ్ళ మీద ఒక గేదె తల, దాని వెనక ఒక మనిషి తల, ఆ తల మీద ఒక పాలక్యాను వస్తున్నాయి.

"అదేమిటది?" అన్నారు లేచి నిలబడి.

"మనిషండీ," అన్నాడు బృందంలోని ఇంజనీరు.

ఆ మనిషి బెవర తవిటయ్య. అరవై దాటినవాడు. ఈత అంతంతమాత్రం. అందుకని రోజూ తన గేదె మాలచ్చి తోక పట్టుకుని గెడ్డ దాటి, పాలకేంద్రంలో పాలు పోసి, అవతలి మెట్టమీద దాన్ని మేపుకుని, సాయంత్రం అలాగే తిరిగొస్తాడు. ఆ రోజు ఒడ్డెక్కగానే తొమ్మిదిమంది తన చుట్టూ నిలబడి ఫోటోలు తీస్తుంటే, తడిబట్టలతో సిగ్గుపడి చేతులు కట్టుకున్నాడు.

"ఈ విధానం మీకు ఎన్ని తరాలుగా సంక్రమించింది?" అని అడిగారు డైరెక్టరు గారు.

"తరాలేటి బాబూ, వంతెన నేదు గదా," అన్నాడు తవిటయ్య.

డైరెక్టరు గారు 'వంతెనలకు పూర్వపు నాగరికత' అని రాసుకున్నారు.

"మీరొచ్చినారు, మరింక పర్లేదు," అన్నాడు తవిటయ్య, ఇంజనీరును చూసి ధైర్యం తెచ్చుకుని. "ఆ రెండు తంబాల మీద పలక పడిపోతే మా బాద తీరిపోతాది."

డైరెక్టరు గారు పెన్ను ఆపి స్తంభాల వైపు చూశారు. తర్వాత గేదె వైపు చూశారు.

"తీరిపోకూడదు," అన్నారు.

పదిహేను రోజుల్లో ఒడ్డున ఆకర్షణల జాబితాతో ఒక పెద్ద బోర్డు, దాని పక్కనే ఒక పచ్చ బోర్డు లేచాయి. సర్పంచి గొర్లె సూరీడమ్మ పదో తరగతి చదివింది. ఆమె పచ్చ బోర్డును మూడుసార్లు కూడబలుక్కుని చదివింది. 'ఆకర్షణ సంఖ్య 25: మహిషపుచ్ఛావలంబన నదీతరణం. వేళలు: ఉదయం 9.30, సాయంత్రం 4.30.'

"ఏటంటాది తల్లీ?" అన్నాడు తవిటయ్య.

"గేదె తోక పట్టుకోడం, మావా."

"అంతేనా? ఇంకేటైనా రోగమేమో అనుకున్నాను."

ఆ మర్నాటి నుంచి ఆయన చొక్కా వేసుకోకూడదు. తలకు ఎర్ర పాగా చుట్టుకోవాలి. ఈల ఊదాక నీళ్ళలో దిగాలి. స్టీలు క్యాను ప్రాచీనంగా లేదని మట్టికుండ ఇచ్చారు. కుండ రెండోరోజే పగిలింది. గేదె చెవికి బిళ్ళ వేశారు. ఆయనకు చెవి వదిలేసి మెడలో వేశారు. ఇవన్నీ తవిటయ్య నవ్వుకుంటూనే పడ్డాడు. నెల తిరక్కుండా వంతెన కూలీలు గుడారాలు విప్పి, ఇనుము లారీకెత్తుకుని వెళ్ళిపోతుంటే మాత్రం నవ్వలేకపోయాడు. 'వంతెన వలన ఆకర్షణ 25 అస్తిత్వమునకు ముప్పు వాటిల్లును గనుక పనులు నిలిపివేయడమైనది' అని వాళ్ళ దగ్గర కాగితం ఉంది.

తవిటయ్య భార్య పారమ్మకు చక్కెర జబ్బు. కుడికాలి పుండుకు వారానికి రెండుసార్లు అవతలి ఆస్పత్రిలో కట్టు మార్పించాలి. నీళ్ళు తగలకూడదు. కిందటేడు గెడ్డ పొంగి పద్దెనిమిది రోజులు దాటలేకపోయారు. పంతొమ్మిదోరోజు ఆస్పత్రిలో ఒక వేలు తీసేశారు. "ఇంకోపాలి ఇలాగైతే పాదమే," అన్నాడు డాక్టరు. ఆ మాట మరవలేక, స్తంభాలు లేచిన నాటి నుంచి తవిటయ్య రోజూ గెడ్డ దాటుతూ ఆ రెండు స్తంభాలనూ చేత్తో తట్టి వెళ్ళేవాడు.

సూరీడమ్మ ఆయన్ను వెంటబెట్టుకుని పట్నంలో డైరెక్టరు గారి ఆఫీసుకు వెళ్ళింది. డైరెక్టరు గారు ఆప్యాయంగా కూర్చోబెట్టారు. తవిటయ్య ఫోటోను పెద్దది చేసి తన కుర్చీ వెనకాల పెట్టుకున్నారాయన.

"మీ ఇబ్బంది నాకు అర్థమైంది," అన్నారు. "కానీ మీరొక విషయం గ్రహించాలి. మీ అసౌకర్యం ఇక మీ వ్యక్తిగత ఆస్తి కాదు. అది జాతి సంపద. దాన్ని తొలగించే అధికారం నాకు లేదు."

"మా అత్తకి కాలు కుళ్ళిపోతంది బాబూ," అంది సూరీడమ్మ. పారమ్మ ఆమెకు వరసకు అత్త. "మంచం మీద ఏసుకుని గెడ్డ దాటిస్తన్నాం."

డైరెక్టరు గారి కళ్ళు మెరిశాయి. "మంచమా? నులకదేనా? ఎంతమంది మోస్తారు? పాటేమైనా పాడతారా?"

తవిటయ్యకు ఇరవై ఆరో బోర్డు పారమ్మ మంచానికి వేలాడుతున్నట్టు కనబడింది. "మొయ్యం బాబూ," అన్నాడు గబగబా. "ట్రాక్టరు ట్యూబులో గాలి కొట్టి, దాని మీద కడతాం."

"రబ్బరా?" అన్నారు డైరెక్టరు గారు. ఆయన ముఖం వాడిపోయింది. "రబ్బరు సంప్రదాయం కాదు. మీరు వెళ్ళవచ్చు."

తిరిగొచ్చాక తవిటయ్య మొండికేశాడు. మూడు రోజులు గెడ్డలో దిగలేదు. బంగళా ముందు బస్సుల్లో వచ్చినవాళ్ళు కుర్చీల్లో కూర్చుని, ఖాళీ నీళ్ళను చూసి వెళ్ళిపోయారు. నాలుగోరోజు నోటీసు వచ్చింది. 'ఆకర్షణ 25 అనుమతి లేకుండా గైర్హాజరైనందున సంజాయిషీ కోరడమైనది.'

నోటీసు పట్టుకుని సూరీడమ్మ మళ్ళీ వెళ్ళింది. "మరి జలపాతం ఏడాదిలో ఎనిమిది నెల్లు కనబడదు గదా బాబూ. దానికిచ్చినారేటి నోటీసు?"

"ఇచ్చాం," అన్నారు డైరెక్టరు గారు. "సమాధానం రాలేదు. చర్య పరిశీలనలో ఉంది."

అలాంటి మనిషితో వాదన పనికిరాదని సూరీడమ్మకు ఆ క్షణాన తెలిసింది. ఆయన బల్ల మీద నిబంధనావళి పుస్తకం ఉంటే, చదివి ఇస్తానని అడిగి తెచ్చుకుంది. నాలుగు రోజులు వంటయ్యాక మొగుడికి వడ్డించి, వసారాలో కూర్చుని వేలుపెట్టి చదివింది. నలభై ఒకటో నిబంధన దగ్గర వేలు ఆగింది. ప్రతి ఆకర్షణకూ, శ్రేణి నిర్ణయ కమిటీ వచ్చే లోపల, సందర్శకులకు తగిన ప్రత్యేక దర్శన సౌకర్యం కల్పించవలెను.

ఆమె రాసిన అర్జీ ఒక్క పేజీ. ఆకర్షణ 25ను ఈ ఒడ్డు నుంచి చూస్తే మనిషి వీపు కనిపిస్తుంది, ఆ ఒడ్డు నుంచి చూస్తే గేదె మూతి కనిపిస్తుంది. సంపూర్ణ దర్శనం కావాలంటే పైనుంచి, ఆకర్షణతో పాటు నడుస్తూ, ఒడ్డు నుంచి ఒడ్డు దాకా చూడాలి. అందుకొక దర్శన వేదిక కావాలి. అదృష్టం కొద్దీ రెండు స్తంభాలు అక్కడే ఉన్నాయి.

డైరెక్టరు గారు అర్జీ చదివి, ఒక గ్రామీణ మహిళలో ఇంతటి సౌందర్యదృష్టి ఉండడం చూసి చలించిపోయారు.

"సార్, ఇది వంతెన కదండీ," అన్నాడు ఇంజనీరు.

"వంతెన దాటడానికి. ఇది చూడడానికి. ప్రయోజనాన్ని బట్టి కదా నిర్మాణం!"

ముప్పై ఏళ్ళలో కానిది, ఎండలు ముదిరేలోగా నలభై రోజుల్లో అయిపోయింది. స్తంభాల మీద పలక పడింది, రెండు పక్కలా కమ్మీలు లేచాయి. నీలాటివలస జనం చెప్పులు విప్పి దాని మీద నడిచారు. పారమ్మ కమ్మీ పట్టుకుని, కాలు తడవకుండా అవతలికి వెళ్ళి, తన కాళ్ళతో తనే ఆస్పత్రి మెట్లెక్కింది. డాక్టరు కట్టు విప్పుతూ, "ట్యూబు మీద వచ్చావా?" అంటే ఏడ్చేసింది.

మూడోరోజు వేదిక మధ్యలో గేటు వచ్చింది. గేటుకు కాపలాదారుగా నీలాటివలస కుర్రాళ్ళలోనే ఒకడైన గురువులును పెట్టారు. పెళ్ళయి, ఇద్దరు పిల్లలున్న గురువులుకు అది మొదటి ఉద్యోగం. యూనిఫారం మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు. అతని చేతికిచ్చిన ఉత్తర్వు స్పష్టంగా ఉంది. వేదిక దర్శనార్థం మాత్రమే. ఆకర్షణ నీళ్ళలో ఉన్నప్పుడు గేటు తెరవాలి, లేనప్పుడు మూయాలి. ప్రతివాడూ రిజిస్టరులో వచ్చిన పని రాయాలి.

అప్పటి నుంచి నీలాటివలసలో ఎవరికి అవతల పనున్నా ముందు తవిటయ్య ఇంటికి వచ్చేవారు.

"మావా, కోర్టు వాయిదా ఉంది. ఓపాలి దిగవా?"

"తాతా, పరీచ్చకి టైమైపోతంది."

"అన్నా, మా యమ్మకి దగ్గు ఆగట్లేదు. నీకు పుణ్యముంటాది."

తవిటయ్య దిగేవాడు. ఆయన కింద నీళ్ళలో గేదె తోక పట్టుకుని వెళుతుంటే, పైన జనం గంపలతో, సంచులతో గబగబా వేదిక దాటేవారు. రిజిస్టరులో అందరూ 'దర్శనం' అని రాసేవారు. రాయడం రానివాళ్ళకు గురువులు రాసిపెట్టేవాడు. కింద మనిషిని చూస్తూ నడవడానికి అందరికీ మొహమాటమే, అందుకని ఎవరూ కిందికి చూసేవారు కాదు. మొదట్లో రోజుకు రెండుసార్లున్నది, జ్యేష్ఠం వచ్చేసరికి పదకొండుసార్లయింది. తవిటయ్య వేళ్ళు నానిపోయి ముడతలు పడ్డాయి. దగ్గు పట్టుకుంది. మాలచ్చి పాలు సగానికి పడిపోయాయి. డైరెక్టరు గారు మాత్రం స్థానికుల్లో దర్శనాభిలాష ఇంతగా పెరగడం మరే ఉద్యానవనంలోనూ లేదని పైకి నివేదిక రాశారు.

"మానీయ్," అనేది పారమ్మ ఆయన వీపుకు నూనె రాస్తూ. "నా కాలు పోతే పోనీ. నువ్వు పోతే నానేటి సేసేది?"

"నీ ఒక్కదాని కాలేటే? ఊరందరి కాళ్ళూ నా మీదే ఉన్నాయి," అనేవాడు తవిటయ్య. ఆ మాట గొప్పకు అనలేదు, అలసిపోయి అన్నాడు.

శ్రావణంలో కొండల్లో మూడు రోజులు ఎడతెరిపి లేకుండా వాన పడింది. నాలుగోరోజు పొద్దున పూలగెడ్డ ఎర్రగా, దుంగలు దొర్లించుకుంటూ పోతోంది. అదే రోజు శ్రేణి నిర్ణయ కమిటీ వచ్చింది. ముగ్గురు సభ్యులు, వాళ్ళకు ఒక అధ్యక్షుడు. గొడుగుల కింద వేదిక ఎక్కి గేటు దగ్గర నిలబడ్డారు. ఇవతలి వైపు గేటు ముందు పారమ్మ, కాలికి ప్లాస్టిక్ సంచి కట్టుకుని నిలబడింది. కట్టు మార్చే రోజది. వాన వల్ల కిందటి కట్టు తప్పిపోయింది. పుండు మళ్ళీ వాసన వేస్తోంది. ఆమె వెనక సూరీడమ్మ, సగం ఊరు.

"ఆకర్షణను ప్రారంభించండి," అన్నారు డైరెక్టరు గారు.

తవిటయ్య కింద, నీటి అంచున ఉన్నాడు. మాలచ్చి నీళ్ళను ఒక్కసారి వాసన చూసి, నాలుగడుగులు వెనక్కి వేసి, బురదలో కూలబడింది. తోక పట్టి లాగితే తల కూడా తిప్పలేదు.

"దిగదు బాబూ," అని కేకేశాడు తవిటయ్య. "దానికి తెలుస్తాది."

"కమిటీ వారు వచ్చిన సంగతి దానికి తెలియజేయండి!"

తవిటయ్య తలెత్తి వేదిక వైపు చూశాడు. గేటు మూసి ఉంది. పారమ్మ ఒక కాలు మీద బరువు మోపి, కమ్మీకి ఆనుకుని ఉంది. ఆయన పాగా బిగించుకుని, ఒక్కడే నీళ్ళలోకి అడుగు వేశాడు. ఆ ఒక్క అడుగుకే నీరు ఆయన్ను తొడల దాకా లాగింది.

"దిగితే నా మీదొట్టు!" అని పారమ్మ అరిచిన అరుపు గెడ్డ హోరు మీద వినిపించింది. "నానీడ కూకుండిపోతాను! ఆస్పత్రి వొద్దు, ఏటొద్దు! ఎనక్కి రా!"

సూరీడమ్మ కమిటీ అధ్యక్షుడి వైపు తిరిగింది. "అయ్యా, మీరు పెద్దోళ్ళు. ఆ మనిసి కొట్టుకుపోతే ఎవులు బాద్యత?"

అధ్యక్షుడు నిబంధనావళి తెరిపించారు. ముగ్గురు సభ్యులూ గొడుగు కింద తలలు కలిపి చదివారు. చివరికి డైరెక్టరు గారే వివరించారు.

"ఆందోళన అక్కర్లేదమ్మా. సజీవ ఆకర్షణ నిర్జీవమైనచో స్మారక ఆకర్షణగా పరిగణించవచ్చని ఉంది. ఒక శిల నాటితే చాలు. మార్కులు తగ్గవు. పైగా గైర్హాజరు సమస్య శాశ్వతంగా తీరుతుంది."

గురువులు తన బూట్ల వైపు చూసుకున్నాడు. తర్వాత నీళ్ళలో నిలబడిన తవిటయ్య వైపు చూశాడు. తర్వాత ఒడ్డునున్న పెద్ద బోర్డు మీద ఆకర్షణల జాబితా వైపు, పైనుంచి కిందికి కాకుండా, పై వరస దగ్గరే ఆగి చూశాడు.

"సార్," అన్నాడు. "ఆకర్షణ నీళ్ళలో ఉంటే గేటు తియ్యాల గదండీ?"

"అవును."

"ఒకటో నెంబరు ఆకర్షణ పూలగెడ్డే గదండీ. అది నీళ్ళలోనే ఉన్నాది."

జవాబు కోసం ఆగకుండా గడియ తీసేశాడు. రిజిస్టరు తెరిచి, "పారమ్మత్తా, దేన్ని సూడ్డానికెల్తన్నావు?" అని అడిగాడు.

"గెడ్డని," అంది పారమ్మ.

'గెడ్డ దర్శనం' అని రాసి, ఆమె చెయ్యి పట్టుకుని కమిటీ మధ్య నుంచి నడిపించుకుపోయాడు. సూరీడమ్మ వెనకాలే వెళ్ళింది. ఊరు కదిలింది. కింద తవిటయ్య వెనక్కి వచ్చి, బురదలో మాలచ్చి పక్కన కూర్చుండిపోయాడు.

కమిటీ అధ్యక్షుడు నియమం తెలిసినవాడు. గెడ్డను చూడడానికి వాడుతున్న వేదిక ఆకర్షణ 25కు ప్రత్యేక దర్శన సౌకర్యం కానేరదని, ఆ సౌకర్యం లేని ఆకర్షణ లెక్కకు రాదని అక్కడికక్కడే రాశారు. ఉద్యానవనానికి ద్వితీయ శ్రేణి వచ్చింది. డైరెక్టరు గారిని గుహలు లెక్కబెట్టే ఉద్యోగానికి బదిలీ చేశారు. పచ్చ బోర్డులను వాన తినేసింది. గురువులు ఉద్యోగం పోయింది. సూరీడమ్మ అతన్ని పాలకేంద్రంలో పెట్టించింది. వేదికను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. వంతెన కాదు కనుక రోడ్ల శాఖ తమది కాదంది. ఆకర్షణ లేదు కనుక ఉద్యానవన శాఖ తమది కాదంది. నీలాటివలస వంతెన అర్జీ ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది.

పారమ్మ పాదం దక్కింది. ఇంకో వేలు పోయింది.

గెడ్డ పొంగు తీసిన పదిరోజులకు తవిటయ్యకు ఆఖరి కాగితం వచ్చింది. ఆయన్ను ఆకర్షణ హోదా నుంచి విముక్తుణ్ణి చేశారట. సూరీడమ్మ చదివి వినిపిస్తే, "అంటే చొక్కా ఏసుకోవచ్చా?" అని అడిగాడు.

మర్నాడు చొక్కా వేసుకుని, పాలక్యాను పట్టుకుని, పారమ్మతో మాలచ్చితో బయల్దేరాడు. ముప్పై ఏళ్ళలో పొడిబట్టలతో అవతలికి వెళ్ళడం ఆయనకు అదే మొదలు. అయితే వేదిక మొదట్లోనే మాలచ్చి ఆగిపోయింది. సిమెంటు పలకను వాసన చూసింది, బుస కొట్టింది, తాడు తెంచుకున్నంత పని చేసి పక్కకు తిరిగింది. బతిమాలాడు, అదిలించాడు. అది వినలేదు. గట్టు దిగి, తన దారిన తను నీళ్ళలోకి నడిచింది. తవిటయ్య అలవాటుగా రెండడుగులు దాని వెంట వెళ్ళాడు. అక్కడ ఆగి, చేతిలోని పలుపుతాడు దాని మెడ మీదికి విసిరేసి, వెనక్కి వచ్చి వేదిక ఎక్కాడు.

నడిమధ్యకు వచ్చాక కమ్మీ మీద మోచేతులు ఆనించి కిందికి చూశాడు. నీళ్ళు తేటపడ్డాయి. మాలచ్చి మూతి ఒక్కటి పైకెత్తి ఈదుతోంది. దాని వెనకాల నీళ్ళు రెండుగా విడిపోయి, విసనకర్రలా పరుచుకుంటున్నాయి. తోక తిన్నగా, తేలుతూ, ఎవరూ పట్టుకోకుండా వస్తోంది. ఒక కొంగ దాని వీపు మీద వాలింది. ఎండ పడి నల్లటి తడివీపు మెరిసింది.

ముప్పై ఏళ్ళు దాటడమే గాని, తవిటయ్య ఆ దాటడాన్ని ఎన్నడూ చూడలేదు.

"ఏటి సూస్తన్నావ్?" అంది పారమ్మ నాలుగడుగులు ముందు నుంచి. "డాట్రుబాబు ఎల్లిపోతాడు, నడు."

"బాగుంది," అన్నాడు తవిటయ్య, ఎవరితోనో ఒప్పుకుంటున్నట్టు. "నిజంగానే బాగుందే."